వాగు పేరుతో రావాల్సిన కబురు



2025 ఆగస్టు 27. వినాయక చవితి. మండపాల్లో గణపతిని నిలబెట్టాల్సిన రోజున మెదక్, కామారెడ్డి జిల్లాల్లో ఎన్నో ఊళ్లు నీళ్లల్లో నిలబడ్డాయి. కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క దినంలోనే 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. మన మెదక్ జిల్లా హవేలిఘన్‌పూర్ మండలంలో రాజ్‌పేటకు, ధూప్‌సింగ్ తండాకు దారులు తెగిపోయాయి. తండా జనం మిద్దెలెక్కి సాయం కోసం ఎదురుచూశారు. రామాయంపేటలో మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్ చుట్టూ నీళ్లు చేరితే, సహాయ బృందాలు వచ్చి విద్యార్థినులను బయటికి తెచ్చాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి. కామారెడ్డి దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 1922లో, నిజాం కాలంలో పూర్తయిన పోచారం ప్రాజెక్టు మీదుగా, దాన్ని కట్టినవాళ్లు ఊహించనంత వరద దుంకింది. ఆ కట్ట తట్టుకుని నిలిచింది. నిలవకపోతే ఏమయ్యేదన్న ఆలోచనే ఆ రాత్రి కింది ఊళ్లకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

అటువంటి రాత్రి ఒక ఇంట్లో ఉన్నవాళ్లకు పడవ కన్నా ముందు, అన్నం పొట్లం కన్నా ముందు కావలసింది కబురు. వాళ్ల మనసులో రెండే ప్రశ్నలుంటాయి. ఒకటి, నీళ్లు మా ఇంటి దాకా వస్తాయా? రెండు, మేం ఇక్కడ చిక్కుకున్నామని ఎవరికైనా తెలిసిందా? మొదటి ప్రశ్నకు జవాబు బయటి నుంచి ఊళ్లోకి రావాలి. రెండో ప్రశ్న ఊళ్లోంచి బయటికి పోవాలి. విపత్తు వేళ ఇంటర్నెట్, ఉపగ్రహాలు, సెల్ టవర్లు ఎంత పనికొచ్చాయో ఈ రెండు ప్రశ్నలతోనే కొలవాలన్నది నా మాట. కబురు ఆఖరి ఇంటికి చేరిందా? ఆ ఇంటి జవాబు తిరిగి వచ్చిందా?

ఈ పని మన ఊళ్లకు కొత్త కాదు. చెరువు ఉన్న ప్రతి ఊళ్లో ఒకప్పుడు నీరడి ఉండేవాడు. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగేవాడు. మత్తడి ఎప్పుడు దుంకుతుందో, కట్టకు ఎక్కడ బుంగ పడే గుణం ఉందో అతనికి తెలుసు. ప్రమాదం కనిపిస్తే ఊళ్లోకి వచ్చి చెప్పేవాడు, డప్పు చాటింపుతో ఊరంతా లేచేది. ఆ ఏర్పాటులో మూడు గుణాలున్నాయి. చూసేవాడు ఊరివాడు. చెప్పేది ఊరి మాటలో. వినేవాడికి చెప్పేవాడి మీద నమ్మకం. ఆ తరువాత వచ్చిన ఏ యంత్రమైనా ఈ మూడింటినీ ఎంతవరకు నిలబెట్టుకుందో అంతవరకే పనికొచ్చింది.

తెలుగువాళ్లు ఈ పాఠాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి మించి చనిపోయారని అంచనా. తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు. అది ఏ ఊరి మీదికి, ఎంత ఎత్తున వస్తుందో ఆ ఊరివాళ్లకు తెలియలేదు. ఉప్పెన తగ్గాక కూడా, తీగలు తెగి, దారులు మునిగి, అక్కడ జరిగిన నష్టం బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ ఆనాడు జవాబు దొరకలేదు.

ఆ తరువాతి పదేళ్లలో మన దేశం ఒక గొప్ప పని చేసింది. ఇన్సాట్ ఉపగ్రహాన్ని ఆసరా చేసుకుని, ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో తుఫాను హెచ్చరిక యంత్రాలను పెట్టారు. మద్రాసులోని తుఫాను హెచ్చరిక కేంద్రంలో కూర్చున్న అధికారి, ప్రమాదం ఏ జిల్లా తీరానికి ఉందో ఆ జిల్లా యంత్రాలను మాత్రమే మేల్కొల్పగలిగేవాడు. ముందు సైరన్ మోగేది. తరువాత అక్కడి భాషలో మనిషి గొంతు వినిపించేది. నేల మీద తీగ తెగినా ఆకాశం దారి తెగదు. 1990 మే 9న కృష్ణా తీరాన్ని దాదాపు అంతే భీకరమైన తుఫాను తాకింది. అప్పటికే లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు వెయ్యి లోపే ఉన్నాయి. వెయ్యి ప్రాణాలు తక్కువేమీ కావు. కానీ 1977తో పోల్చి చూడండి. ఆ తేడాలో తుఫాను షెల్టర్ల పాత్ర ఉంది, రెవెన్యూ, పోలీసు యంత్రాంగం శ్రమ ఉంది, వాటన్నింటినీ ముందుగా కదిలించిన కబురు ఉంది.

ఇప్పుడు ఆ సైరన్ మన జేబులోకి వచ్చింది. 2023లో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, తెర మీద పరీక్ష సందేశం కనిపించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధనా కేంద్రం కలిసి చేస్తున్న ఏర్పాటు ఇది. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకు విడిగా పోవాలి. లక్ష ఫోన్లుంటే లక్ష సార్లు పంపాలి. అందరూ ఒకేసారి ఫోన్లు పట్టుకున్న వేళ ఆ సందేశాలు వరుసలో చిక్కుకుంటాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ ఒక్కసారి పలుకుతుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే వింటాయి. మీ నంబరు ఎవరికీ తెలియనక్కర లేదు. ఊరు దాటిపోతున్న బస్సులో ఉన్న ప్రయాణికుడికి కూడా అక్కడి హెచ్చరిక అందుతుంది. చెవులు వినపడనివారికి ఫోను అదురు తెలుస్తుంది, తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. దీనితోపాటు ‘సచేత్’ అనే వేదిక ఉంది. వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం, రాష్ట్ర విపత్తు సంస్థలు ఇచ్చే హెచ్చరికలను ఒకే పద్ధతిలో కూర్చి, ఫోన్లకు, టీవీలకు, రేడియోలకు పంపడానికి అది దారి.

ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నా ఒక వెలితి ఉంది. జిల్లాలో కొన్ని చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు కురిసే అవకాశం, అప్రమత్తంగా ఉండండి అని సందేశం వచ్చిందనుకోండి. ఇంట్లో పెద్దాయన దాన్ని చదువుతాడు. బయటికి చూస్తాడు. వానాకాలం, వాన పడుతోంది. ఫోను పక్కన పెడతాడు. అతన్ని తప్పుపట్టలేం. ఆ సందేశంలో అతని ఊరు లేదు, వాగు లేదు, ఏ గంటకన్న మాట లేదు, ఏం చెయ్యాలన్న మాట లేదు. అదే కబురు ఇలా వచ్చిందనుకోండి. ‘పైన నాలుగు గంటలుగా కుండపోత. రాత్రి పదికల్లా మీ ఊరి వాగు కల్వర్టు మీదికి నీళ్లు వస్తాయి. వాగు ఒడ్డు ఇళ్లవాళ్లు ఇప్పుడే బడికి పోండి. బండ్లు వాగు దాటించకండి.’ ఇది విన్నవాడు లేస్తాడు. పిల్లల్ని లేపుతాడు. బర్రెల తాళ్లు విప్పుతాడు.

అటువంటి కబురు తయారు చేయడం మన చేతకాని పని కాదు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థకు రాష్ట్రమంతటా వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. అవి వాన లెక్కను ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ ద్వారా పంపుతూనే ఉంటాయి. ఒక్కో మండలంలో ఎంత కురిసిందో హైదరాబాదులో కూర్చుని చూడవచ్చు. ఇరవై సెంటీమీటర్లు అన్న అంకె ఒక్కటే ఊరివాళ్లకు ఏమీ చెప్పదు. పైన అంత కురిస్తే మన వాగు ఎంతసేపటికి పొంగుతుంది, ఏ చెరువు ముందు నిండుతుంది, అది నిండితే మత్తడి నీళ్లు ఎవరి పొలాల మీదుగా పోతాయి? ఈ జ్ఞానం ఊళ్లో ఉంది. నీరడి పని చేసిన ముసలాయన దగ్గర ఉంది. వాగు పక్కన పొలం ఉన్న రైతమ్మ దగ్గర ఉంది. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగి, పటం మీద గుర్తులు పెట్టి, వాన అంకెతో జత చేస్తే హెచ్చరిక పుడుతుంది. అంకెలు పట్నంలో, అనుభవం ఊళ్లో విడివిడిగా ఉన్నన్నాళ్లూ రెండూ ఎవరినీ కాపాడవు.

ఇక రెండో వెలితి, కబురు నడిచే దారిలో. ఇంటర్నెట్ పుట్టుకలోనే ఒక గొప్ప ఆలోచన ఉంది. ఒక దారి మూసుకుపోతే సమాచారం ఇంకో దారి వెతుక్కుని పోతుంది. కానీ అందుకు ఇంకో దారంటూ ఉండాలి కదా. మహానగరాల మధ్య ఎన్నో దారులున్నాయి. మండల కేంద్రం నుంచి ఊరికి చాలాచోట్ల ఒక్కటే తీగ. తెలంగాణలో ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే టీ-ఫైబర్ కోసం ఆప్టికల్ తీగలను మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేసుకుంటూ వచ్చారు. ఖర్చు తగ్గించే తెలివైన పద్ధతి అది. అయితే వరద లెక్క వేరు. రోడ్డూ, నీటి పైపూ, ఇంటర్నెట్ తీగా ఒకే వాగును ఒకే కల్వర్టు దగ్గర దాటితే, ఆ కల్వర్టు కొట్టుకుపోయిన రోజున మూడూ ఒక్కసారే పోతాయి. కరెంటు స్తంభాలు ఒరిగితే టవర్ బ్యాటరీ కొన్ని గంటలే మోస్తుంది. జనరేటరుకు డీజిల్ తెచ్చే బండి కూడా ఆ కల్వర్టు దాటే రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక, విశాఖపట్నం అంతటి నగరమే రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలకక అల్లాడింది. వాగు అవతలి తండా సంగతి వేరే చెప్పాలా?

అందుకే కబురు నడిచే దారులు ఒకటికి నాలుగు ఉండాలి. తీగ ఒక దారి. కొండ మీది టవర్ నుంచి టవర్‌కు గాలిలో పోయే మైక్రోవేవ్ ఒక దారి. మండల కేంద్రంలో చిన్న ఉపగ్రహ డిష్ ఒక దారి. ఒక కంపెనీ టవర్ పడిపోతే, ఆ కంపెనీ ఫోన్లన్నీ ఇంకో కంపెనీ టవర్‌ను వాడుకునేలా విపత్తు వేళ ప్రభుత్వం ఆదేశించే వీలుంది. 2024 అక్టోబరులో దానా తుఫాను సమయంలో ఒడిశాలో ఈ ఏర్పాటు చేశారు. వీటన్నింటి వెనక, అన్నీ పోయినా మిగిలే దారి ఒకటుంది. అది హామ్ రేడియో, లైసెన్సు తీసుకుని ఔత్సాహికులు సొంతంగా నడిపే రేడియో.

దీని గురించి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన కథ ఉంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో తన బృందంతో అండమాన్ వెళ్లారు. చాలా ఏళ్లుగా అక్కడి నుంచి హామ్ రేడియో పలకలేదు. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడాలన్న ఉత్సాహంతో పోర్ట్ బ్లెయిర్‌లో యాంటెన్నాలు నిలిపారు. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పుడు సరదా కోసం తెచ్చిన ఆ రేడియోలే దీవులకూ మిగతా దేశానికీ మధ్య గొంతుకలయ్యాయి. ఎవరు బతికున్నారో, ఎవరికి ఏం కావాలో ఆ బృందం రాత్రింబవళ్లు చేరవేసింది. కార్ నికోబార్‌కు కూడా రేడియో తీసుకెళ్లారు. ఈనాటి హామ్‌లు రేడియో తరంగాల మీద ఈమెయిలు కూడా పంపగలరు. వరద లేని చోట ఇంటర్నెట్ ఉన్న స్టేషన్ ఆ ఉత్తరాన్ని అందుకుని ముందుకు పంపుతుంది. జిల్లాకు పదిమంది కాలేజీ పిల్లలు ఈ లైసెన్సు పరీక్ష రాసి, సెట్టు మీద చెయ్యి తిరిగినవాళ్లయితే, ఆ జిల్లా పూర్తిగా మూగబోదు.

ఇప్పుడు నా రెండో ప్రశ్నకు వస్తాను. చిక్కుకున్నవాడి మాట బయటికి ఎలా పోతుంది? 2010 జనవరి 12న హైతీ దేశంలో పెను భూకంపం వచ్చింది. అక్కడ 4636 అనే చిన్న నంబరు ఇచ్చారు. శిథిలాల మధ్య ఉన్నవాళ్లు తమ క్రియోల్ భాషలో ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపారు. సహాయ బృందాల్లో చాలామందికి ఆ భాష రాదు. అమెరికాలో, కెనడాలో స్థిరపడిన హైతీ వాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఆ సందేశాలను చదివి, అనువదించి, ఆ వీధి ఎక్కడుందో పటం మీద గుర్తు పెట్టారు. కెన్యాలో పుట్టిన ఉషాహిదీ అనే పటం వేదిక అందుకు ఆసరా అయింది. 2018లో కేరళ వరదల్లో సాంకేతిక నిపుణులైన యువతీయువకులు ప్రభుత్వంతో కలిసి ఒక సహాయ వెబ్‌సైటు నడిపారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కేరళలో మేడ మీద చిక్కుకున్న తల్లి కోసం అందులో విన్నపం రాశాడు. మన మెదక్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో కూడా గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. ఇంటికి ఫోను కలవని రాత్రి దుబాయిలో వాళ్లెంత నలిగిపోతారో మనకు తెలుసు. వాళ్ల ఆందోళన ఉపయోగపడే సమాచారంగా మారాలంటే, విన్నపం తీసుకునే చోటు ఒక్కటే ఉండాలి. అందులో ఊరి పేరు, ఇంటి గుర్తు, ఎందరున్నారు, రోగులున్నారా అన్నవి రాయాలి. సాయం అందగానే దాన్ని మూసేయాలి. లేకపోతే ఒకే ఇంటికి మూడు పడవలు పోతాయి, పక్క ఇంటికి ఒక్కటీ పోదు.

పాత వీడియోకు కొత్త తేదీ తగిలించి, కట్ట తెగిందని పంచేవాళ్లు కూడా ఇదే ఇంటర్నెట్‌లో ఉంటారు. వాన రాత్రి అటువంటి మాట ఊళ్లకు ఊళ్లను చీకట్లో రోడ్డు మీదికి తోస్తుంది. కాబట్టి ఎవరేది పంపినా మూడు సంగతులు చూడండి. ఏ సమయానికి చెప్పిన మాట? ఏ చోటి గురించి? చెప్పిందెవరు? ఈ మూడూ లేని మాటను ముందుకు పంపకండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077. అత్యవసర సాయానికి 112. ఈ రెండూ గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇంతవరకు ఫోను చేతిలో ఉన్నవాళ్ల సంగతి మాట్లాడుకున్నాం. ఫోను లేనివాళ్లు? ఇంటికి ఒకే ఫోను ఉండి, అది మగవాడి జేబులో పట్నం పోతే, ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు హెచ్చరిక ఎలా అందుతుంది? తండాలో లంబాడీ మాట్లాడే అవ్వకు పుస్తకాల తెలుగులో వచ్చిన సందేశం ఎంత అర్థమవుతుంది? ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చిన కుటుంబాల సంగతేమిటి? వాళ్లుండేది తరచూ లోతట్టు నేలల్లోనే.

దీనికి జవాబు మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లా మాచ్‌నూరులో, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాల రేడియో అది. దాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి.సావంత్. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆయన పాలు పంచుకున్నారు. 90.4 ఎఫ్‌ఎం మీద, చుట్టూ పాతిక కిలోమీటర్ల మేర, పొలం పనులు చేసే ఆడవాళ్లే రికార్డు చేసి, కూర్చి, తమ మాటలో ప్రసారం చేశారు. విత్తనాలు, పంటలు, ఆరోగ్యం, పాటలు. తమ గొంతు తామే వినిపించుకోవాలన్న పట్టుదలే వాళ్ల పెట్టుబడి. అటువంటి స్టేషన్ విపత్తు రాత్రి ఎంత విలువైనదో ఆలోచించండి. ఇంటర్నెట్ ద్వారా వచ్చిన హెచ్చరికను స్టేషన్‌లో కూర్చున్న మహిళ చదువుతుంది. ఊరి మాటలోకి, తండా మాటలోకి మారుస్తుంది. బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న రేడియోలో అది వినిపిస్తుంది. రోజూ వినే గొంతు కాబట్టి జనం నమ్ముతారు. నీరడికి ఉన్న మూడు గుణాలూ ఆమెకు ఉన్నాయి.

వరద తగ్గిన మర్నాటి సంగతి కూడా చెప్పాలి. ఈ రోజుల్లో సాయం కూడా నెట్‌వర్క్ మీదే నడుస్తుంది. రేషన్ బియ్యానికి ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర వేయాలి. పంట నష్టం ఫొటో యాప్‌లో ఎక్కించాలి. పరిహారం బ్యాంకు ఖాతాలో పడాలి, పడినట్టు ఫోనుకు సందేశం రావాలి. సిగ్నల్ లేని ఊళ్లో నష్టపోయిన రైతు రెండోసారి నష్టపోతాడు. అందువల్ల ఊరికి ఇంటర్నెట్ ఇవ్వడాన్ని సౌకర్యంగా కాక, మంచినీళ్లలాగా, కరెంటులాగా హక్కుగా చూడాలని కోరుతున్నాను. రోజూ వాడే దారి అయితేనే అది ఆపద రోజున పనిచేస్తుంది. పెట్టెలో దాచిన యంత్రం అవసరం వేళ ఎలా వాడాలో ఎవరికీ గుర్తుండదు.

వచ్చే వానాకాలం లోపల ప్రతి పంచాయతీలో చేయదగ్గ పనులు కొన్ని చెబుతాను. పంచాయతీ భవనానికి సోలార్ పలకలు, బ్యాటరీ పెట్టండి. అక్కడే ఫోన్లు చార్జి చేసుకునే వీలుండాలి, మైకు ఉండాలి. వాగు, చెరువు, కల్వర్టు, లోతట్టు ఇళ్లు గుర్తించి పటం గీయించండి. మహిళా సంఘాల నుంచి, యువకుల నుంచి పదిమందిని ఎంచి, ఎవరు ఏ వాడకు కబురు మోయాలో, ఏ ముసలివాళ్లను, వికలాంగులను, గర్భిణులను ఎవరు లేపాలో ముందే పంచుకోండి. ఆ పదిమందిలో తండా వాళ్లుండాలి, బట్టీ కూలీల భాష తెలిసినవాళ్లుండాలి. తీగ కల్వర్టు మీదుగా పోతుంటే రెండో దారి కావాలని గ్రామసభలో తీర్మానం చేసి అధికారులను అడగండి. మే నెలలో ఒక సాయంత్రం హెచ్చరిక వచ్చినట్టుగా ఊరంతా సాధన చేయండి. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటికి కబురు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. ఎక్కడ ఆగిందో అక్కడ సరిచేయండి.

2027 నాటికి భూమి మీద ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్రతి మనిషిలో ధూప్‌సింగ్ తండా అవ్వ ఉంది, రాజ్‌పేట రైతు ఉన్నాడు, రామాయంపేట హాస్టల్ పిల్ల ఉంది. ఉపగ్రహం దాకా చేయవలసిన పని శాస్త్రవేత్తలు చేశారు. టవర్ దాకా చేయవలసిన పని ప్రభుత్వాలు, కంపెనీలు చేయాలి. టవర్ నుంచి ఆ అవ్వ గడప దాకా ఉన్న ఆఖరి ఫర్లాంగు మాత్రం మనది. దానికి ఎండాకాలంలోనే దారి వేసుకుందాం.